చిజమ్ ట్రైల్ మీద నాన్నతో

అద్దంకి వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషికి డాలస్‌లో చూపించడానికి మాకు తోచినవన్నీ మొదటి నెలలోనే అయిపోయాయి. గుడి, మాల్, తెలిసినవాళ్ళిళ్ళలో భోజనాలు, మళ్ళీ గుడి. "ఈ దేశంలో గొడ్లు లేవా అమ్మాయ్?" అన్నాడు నాన్న ఒకరోజు పాల డబ్బా చేతిలో పట్టుకుని. టెక్సాస్‌లో కూర్చుని అడగాల్సిన ప్రశ్న కాదది! దాంతో ఏప్రిల్లో ఒక శుక్రవారం సెలవు పెట్టి, 150 ఏళ్ళ కిందట పశువుల మందల్ని కాన్సాస్ రైళ్ళ దాకా తోలుకెళ్ళిన చిజమ్ ట్రైల్ పట్టుకుని, ఓక్లహోమాలో డంకన్ అనే చిన్న ఊళ్ళో ఉన్న మ్యూజియం దాకా, అక్కణ్ణించి ఓక్లహోమా సిటీ దాకా వెళ్ళొచ్చాం. నేను, మా ఆయన, మా చిన్నది, అమ్మ, నాన్న. మనవాళ్ళు ఈ దారిలో వెళ్ళినట్టు ఎవరూ చెప్పగా వినలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం, ఫోర్ట్ వర్త్

ఆ రోజుల్లో మందలు ఉత్తరానికి సాగే ముందు పిండి, కాఫీ, తూటాలు కొనుక్కోవడానికి ఆగే ఆఖరి పెద్ద ఊరు ఇదే. 1876లో రైలొచ్చింది, 1903లో స్విఫ్ట్, ఆర్మర్ కంపెనీల మాంసం ఫ్యాక్టరీలు తెరిచారు, దాంతో పెద్ద పశువుల సంత అయి కూర్చుంది. ఆ సంత జరిగిన పేట పేరు స్టాక్‌యార్డ్స్, ఇప్పుడక్కడ ఉన్నవంటే బూట్ల షాపులు, టోపీల షాపులు, బార్లు, ఇటుక పరిచిన రోడ్డు. రోజుకి రెండుసార్లు, పదకొండున్నరకీ నాలుగింటికీ, లాంగ్‌హార్న్ ఎద్దుల్ని ఆ రోడ్డు మీద నడిపిస్తారు. చూడ్డానికి డబ్బులు అక్కర్లేదు. అలంకరించిన ఎద్దు మీద కూర్చుని ఫొటో దిగాలంటే మాత్రం అడుగుతారు, అమ్మ ఆ రేటు రూపాయల్లోకి మార్చి చూసి చిన్నదాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది.

నాలుగింటి మందకి జనం రెండువైపులా వరస కట్టారు. గుర్రాల మీద పాతకాలం బట్టల్లో మనుషులు, మధ్యలో ఎద్దులు, ఒక్కోదానికి ఈ కొస నుంచి ఆ కొసకి ఆరడుగులు దాటే కొమ్ములు. కొన్ని నిమిషాల్లో దాటిపోయాయి. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుంటే నాన్న ఒక్కడే వంగి కాళ్ళు చూస్తున్నాడు.

"మూపురం లేదు, గంగడోలు అంతంతమాత్రం, నడుం సన్నం. ఆ కొమ్ములు తప్ప ఏముంది దీనికి?"

ఆ మాటే మా ఆయన కాస్త మర్యాదగా మార్చి గుర్రం దిగిన ఒకాయన్ని అడిగాడు. ఆయన నవ్వి, నడక ఉంది అన్నాడు. గిట్టలు గట్టి, నీళ్ళు తక్కువైనా ఓర్చుకుంటుంది, ముళ్ళచెట్టు ఆకు తిని కూడా బతుకుతుంది, రోజుకి పది పదిహేను మైళ్ళు, అలా రెండు మూడు నెలలు నడవగలదు. "అయితే సరే, నడిచే గొడ్డు," అని నాన్న ఒప్పుకున్నాడు. నడకకి పనికొచ్చే గొడ్డు వేరు, బండ లాగే గొడ్డు వేరు అని ఆ రాత్రి చిన్నదానికి క్లాసు పీకాడు.

అక్కడ బిల్ పికెట్ విగ్రహం ఉంది. 1870లో టెక్సాస్‌లో పుట్టిన నల్లజాతి కౌబాయ్. గుర్రం మీంచి కోడె మీదకి దూకి, కొమ్ములు పట్టుకుని మెడ తిప్పి, దాని పెదవి పళ్ళతో కరిచి కింద పడేసేవాడు. కౌబాయ్ అనగానే మనకి గుర్తొచ్చేది తుపాకీ పట్టుకున్న తెల్లవాడే కానీ, ఆ మందల వెంట నడిచినవాళ్ళలో నల్లవాళ్ళు, మెక్సికన్లు, స్థానిక తెగలవాళ్ళు చాలామంది. తాడు విసరడం, జీను, కాళ్ళకి తోలు తొడుగులు, ఇవన్నీ మెక్సికన్ కాపరుల దగ్గర నేర్చుకున్న విద్యలే.

శనివారం పొద్దున, నొకోనా, రెడ్ రివర్

మందలు నది దాటిన చోటు పేరు రెడ్ రివర్ స్టేషన్. నొకోనా ఊరికి ఉత్తరంగా మట్టిరోడ్ల మధ్య ఉంటుంది. ఊళ్ళో హైవే దిగి పది నిమిషాలు పోయాక ఫోన్లో సిగ్నల్ పోయింది, ఆ తర్వాత రోడ్డే పోయింది, ఒక ఇనప గేటు దగ్గర ఆగాం. గేటు మీద లోపలికి రావద్దని బోర్డు. టెక్సాస్‌లో ఆ బోర్డుని తేలిగ్గా తీసుకోకూడదని మా ఆయనకి గట్టి నమ్మకం, కారు దిగనివ్వలేదు.

ఆ రోడ్ల మీద ఒక పద్ధతి చూశాం. ఎదురొచ్చే ప్రతి పికప్ ట్రక్కువాడూ స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళు లేపి పలకరిస్తాడు. తెలిసినా తెలియకపోయినా అంతే. ముందు సీట్లో నాన్న మొదట కంగారుపడి, తర్వాత ప్రతి బండికీ రెండు చేతులూ జోడించడం మొదలెట్టాడు. ఒకాయన ఆ దండం చూసి బండి ఆపి వెనక్కి వచ్చాడు, దారి తప్పారా అని. డెబ్భై ఏళ్ళు ఉంటాయి, టోపీ తీసి అమ్మకి వంగి చెప్పాడు. ఆ రేవు ఇప్పుడు ఎవరిదో సొంత పొలంలో ఉందట, నదిని చూడాలంటే రింగ్‌గోల్డ్ మీదుగా 81వ నంబరు హైవే వంతెనకి పొమ్మన్నాడు.

ఆయన చెబుతుండగా నాన్న కంచె దగ్గరకి వెళ్ళిపోయాడు. "అమ్మాయ్, ఇటు రా!" అని కేక. కంచె అవతల మేస్తున్న ఎర్రటి, నల్లటి ఆవుల మధ్య నాలుగు బూడిద రంగువి. మూపురం, వేలాడే గంగడోలు, వాలిన చెవులు. నాన్న ముఖం చూడాలి మీరు. వియ్యాలవారి ఊళ్ళో పుట్టింటివాళ్ళు కనబడ్డట్టు వెలిగిపోయింది. "మనవే ఇవి. ఇక్కడికెలా వచ్చాయి?" ఆ పెద్దాయన బ్రాహ్మన్ అంటారని, ఎండకి తట్టుకుంటాయని చెప్పాడు. అంతకు మించి ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు.

వంతెన మీంచి రెడ్ రివర్ చూస్తే నీళ్ళకంటే ఇసకే ఎక్కువ. వానలొస్తే వేరే సంగతి. ఎగువన వరదొస్తే రోజుల తరబడి మందలు ఒడ్డున ఆగిపోయేవి, ఒకదాని వెనక ఒకటి కలిసిపోయేవి, తొందరపడి దిగినవాళ్ళలో కొంతమంది ఇక్కడే మునిగిపోయారు. నది అవతల ఓక్లహోమా. అప్పట్లో అది తెగలకి ఇచ్చిన నేల, తమ గడ్డి మేపినందుకు వాళ్ళు తలకి పది సెంట్ల దాకా సుంకం అడిగేవారు. "అడగరా మరి, మేత ఊరికే వస్తుందా?" అన్నాడు నాన్న. సినిమాల్లో ఈ ముక్క ఎప్పుడూ చూపించలేదు మాకు.

శనివారం మధ్యాహ్నం, డంకన్

ముందు తిండి. శనివారం అమ్మ నీసు ముట్టదు, మేమెవరం గొడ్డుమాంసం తినం, ఊరేమో గొడ్ల ఊరు. కారులో పులిహోర ఉంది కానీ వేడిగా ఏదన్నా తిందామని హైవే పక్క చిన్న హోటల్లో దూరాం. మాకు వడ్డించిన ఆవిడ నోరారా "హనీ" అని పిలుస్తూ, మా కష్టం విని, పెన్సిల్‌తో మెనూ అంతా గీసుకుంటూ వెళ్ళింది. అలసందల్లో పంది మాంసం వేస్తాం, వద్దు. బీన్స్‌లో కూడా, వద్దు. బంగాళాదుంప మీద గ్రేవీ, వద్దు. చివరికి మిగిలినవి మొక్కజొన్న రొట్టె, క్యాబేజీ తురుము, బెండకాయ వేపుడు. బెండకాయని మొక్కజొన్న పిండిలో ముంచి నూనెలో వేయించి గంపెడు తెచ్చిపెట్టింది. అమ్మ ఒకటి కొరికి, ఉప్పూ కారం తక్కువ కానీ వేయించడం వచ్చు వీళ్ళకి అంది. ఓక్లహోమా రాష్ట్రానికి 1988లో ఒక అధికారిక భోజనం ప్రకటించారు, అందులో బెండకాయ వేపుడూ అలసందలూ రెండూ ఉన్నాయని బిల్లు తెచ్చినప్పుడు చెప్పింది. అమ్మ పులిహోర కొంచెం ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, వంటమనిషిని వెంటబెట్టుకుని వచ్చి ఇంకొంచెం అడిగింది.

చిజమ్ ట్రైల్ హెరిటేజ్ సెంటర్ ఊరి చివర ఉంటుంది. టికెట్లు మా అందరికీ కలిపి ఆ భోజనం బిల్లుకంటే తక్కువే అయ్యాయి. బయట పెద్ద కంచు విగ్రహాల వరస, పాల్ మూర్ అనే శిల్పి చేసింది, ఎద్దులు, గుర్రాలు, వంటబండి, అన్నీ ఒక గుట్టెక్కి వస్తున్నట్టు. జనం ముందు ఫొటోలు దిగుతారు. నాన్న వెనక్కి నడిచాడు, మందకి చివర ఎవడున్నాడో చూడాలని. నిజమైన మందలో అక్కడుండేది కొత్త కుర్రాడు. రెండున్నర వేల గొడ్లు లేపిన దుమ్మంతా వాడే మింగుతాడు, ముఖానికి గుడ్డ కట్టుకుని.

లోపల మొదట క్యాంప్‌ఫైర్ థియేటర్. చీకట్లో నెగడు, చుట్టూ కూర్చుని కదులుతూ మాట్లాడే బొమ్మలు. అందులో ఒకాయన జెస్సీ చిజమ్. తండ్రి స్కాట్లండ్ సంతతివాడు, తల్లి చెరోకీ. తెగల భాషలు పదికి పైగా వచ్చు, సరుకుల వ్యాపారి, దుబాసీ. మేము తెల్లబోయిన విషయం ఏంటంటే, ట్రైల్‌కి ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి దాని మీద మందలు తోలినవాడే కాదు. ఆయన సరుకుబళ్ళు వేసిన చక్రాల గాళ్ళు పట్టుకుని మందలు నడిచాయి, అంతే. మందలు మొదలైన మరుసటి ఏడాది, 1868లోనే పోయాడు, చెడిపోయిన ఎలుగుబంటి కొవ్వు తిని అంటారు. "ఎలుగుబంటి కొవ్వా!" అని అమ్మ ముక్కు మూసుకుంది.

ఇంకో థియేటర్లో సినిమా. కుర్చీలు అదురుతాయి, ముఖం మీద గాలి కొడుతుంది, వాన సీనొస్తే నిజంగానే తుంపర్లు పడతాయి. పిడుగు పడి మంద చెదిరినప్పుడు నేలంతా దడదడలాడింది, అమ్మ నా చెయ్యి గిచ్చేసింది. రాత్రి కాపలావాళ్ళు మంద చుట్టూ మెల్లగా తిరుగుతూ పాటలు పాడేవారట, గొడ్లు బెదరకుండా. చిన్నది బయటికొచ్చి, నెట్‌ఫ్లిక్స్ కూడా ఇలాగే ఉండాలంది.

మా అందరికంటే ఎక్కువసేపు నాన్న నిలబడ్డది తాడు విసిరే చోట. ఒక బొమ్మ కోడె తల, రెండు కొమ్ములు. ఎన్నేళ్ళుగా ఎంతమంది పిల్లలు తాడు వేశారో, కుడి కొమ్ము రంగు పోయి నున్నగా మెరుస్తోంది, ఎడమదానికి రంగు అలాగే ఉంది. నాన్న విసరలేదు. తాడు చేతిలోకి తీసుకుని వంచి చూశాడు. మన పలుపులా మెత్తగా లేదు, తీగలా బిర్రుగా ఉంది, విసిరినప్పుడు గుండ్రం చెదరకుండా ఉండడానికి. కొసన చిన్న కన్ను, అందులోంచి తాడు జారడానికి. ఆ కన్ను ముడి విప్పకుండా గోటితో వెనక్కి తోసి, ఏ పోగు దేని కింద పోయిందో చూసి, మళ్ళీ బిగించి, జేబురుమాలు కొసన అదే ముడి వేసి చూపించాడు. అక్కడ వాలంటీరుగా పనిచేసే పెద్దావిడ చూసి, ఈయన ఏం పని చేస్తారు అని అడిగింది. రైతు అని చెప్పా.

ఆ మాటతో ఆవిడ మమ్మల్ని వదల్లేదు. నాన్న అడుగుతుంటే నేను అటూ ఇటూ చెబుతున్నా. మొదటి ప్రశ్న, జీతమెంత? నెలకి ముప్ఫై నలభై డాలర్లు. గొడ్డు ధరెంత? అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో కాసేవాడు లేక లక్షల్లో పెరిగిపోయాయి, తల నాలుగు డాలర్లు. ఉత్తరాన నలభై దాకా పలికేది. 1867లో జోసెఫ్ మెకాయ్ అనే వ్యాపారి కాన్సాస్‌లో రైలు పోయే అబిలీన్ అనే పల్లెలో దొడ్లు కట్టించి, ఇక్కడికి తోలుకురండి అని కబురు పంపాడు, అక్కణ్ణించి రైల్లో చికాగోకి. నాన్న గోడకి ఆనుకుని లెక్క కట్టాడు. పదిమంది మనుషులు, మూడు నెలలు, నెలకి ముప్ఫై ఐదు చొప్పున వెయ్యిన్నర కూడా కాదు. రెండున్నర వేల గొడ్ల మీద తలకి ఇరవై మిగిలినా యాభై వేలు. "అయితే పాలేరే కదా అమ్మాయ్, టోపీ పెట్టుకున్న పాలేరు. నెలంతా దుమ్ము తింటే ఒక గొడ్డు ధర." ఆవిడకి నేను మొత్తం తర్జుమా చెయ్యకముందే తల ఊపింది.

రెండో ప్రశ్న, దారిలో ఊళ్ళవాళ్ళు ఊరుకున్నారా? ఊరుకోలేదట. టెక్సాస్ గొడ్లు నడిచిపోయిన చోట అక్కడి ఆవులు జ్వరమొచ్చి చచ్చేవి, టెక్సాస్ గొడ్లకి మాత్రం ఏమీ అయ్యేది కాదు. మిస్సోరీలో రైతులు తుపాకులు పట్టుకుని మందల్ని ఆపేశారు. అబిలీన్ మారుమూల ఊరు కావడం అందుకే కలిసొచ్చింది. కారణం పిడుదులని తేలడానికి 1893 దాకా పట్టింది. జబ్బెలా ఉంటుందని నాన్న అడిగాడు, మూత్రం ఎర్రగా వస్తుందని ఆవిడ చెప్పింది. "రక్తమూత్రం!" అన్నాడు నాన్న గట్టిగా. "మా ఊళ్ళో జెర్సీలకి వస్తుంది. ఒంగోలువాటికి అంత త్వరగా రాదు, పిడుదులు పట్టనివ్వవు."

పొద్దున కంచె దగ్గర అడిగిన దానికి జవాబు అలా దొరికింది. పిడుదులకీ ఎండకీ తట్టుకుంటాయనే మూపురం గొడ్లని ఇండియా నుంచి తెచ్చుకున్నారు. 1854లో లూసియానాకి రెండు ఎద్దులొచ్చాయి, 1906లో టెక్సాస్ పియర్స్ రాంచ్ తరఫున బోర్డెన్ అనే ఆయన ఇంకొన్ని దిగుమతి చేశాడు. ఒంగోలు, గిర్, గుజరాత్ రకాలు కలిపి తయారుచేసిందే ఇక్కడి బ్రాహ్మన్. బ్రెజిల్లో అయితే ఒంగోలు సంతతిని నెలోర్ అనే పిలుస్తారు, అక్కడి మాంసం పశువుల్లో ఎక్కువ అవే. ఆ ఆఖరి మాట నాన్నకి చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పాను. కాసేపాగి, "తెలుసులే," అన్నాడు.

ఆదివారం, ఓక్లహోమా సిటీ

రష్ స్ప్రింగ్స్ దాటాం, పుచ్చకాయలకి పేరున్న ఊరు, కానీ ఏప్రిల్లో తీగ కూడా లేదు. మధ్యాహ్నానికి నేషనల్ కౌబాయ్ మ్యూజియం. ఇది చాలా పెద్దది, టికెట్టూ పెద్దదే. లోపలికి అడుగుపెట్టగానే గుర్రం మీద వాలిపోయిన ఒక స్థానిక యోధుడి ఎత్తైన తెల్ల విగ్రహం, జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్ 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనకి చేసింది. పెయింటింగులు, జీనులు, తుపాకులు, సినిమావాళ్ళ టోపీలు, గదుల తర్వాత గదులు. బాగుంది, కాదనను. కానీ డంకన్‌లో చెయ్యి పెట్టి చూసినవి ఇక్కడ అద్దాల వెనక ఉన్నాయి. చిన్నదానికి నచ్చింది బయట పిల్లల కోసం కట్టిన ఆవరణే, తెగల ఇళ్ళలోకి దూరి ఆడుకోవచ్చు. నాన్న ముళ్ళతీగల గదిలో ఆగాడు. గ్లిడెన్ అనే ఆయన 1874లో ముళ్ళతీగకి పేటెంట్ తీసుకున్నాక పొలాలన్నిటికీ కంచెలు పడ్డాయి, రైళ్ళు టెక్సాస్‌లోకే వచ్చేశాయి, 1885లో కాన్సాస్ టెక్సాస్ గొడ్లని రావద్దంది. మందల కథ ఇరవై ఏళ్ళలోపే అయిపోయింది.

ఊళ్ళో స్టాక్‌యార్డ్స్ సిటీ అనే పేట ఉంది, 1910 నుంచీ నడుస్తున్న పశువుల సంత. వేలం సోమ, మంగళవారాల్లోనే. నాన్న బోర్డు చదివించుకుని ఏమీ అనలేదు. మా ఆయనే ఫోన్ తీసి ఆఫీసుకి మెసేజ్ పెట్టి, "మామయ్యగారూ, రేపు పొద్దున్నే లేవాలి మరి," అన్నాడు.

సోమవారం, సంత

చిన్నదానికి స్కూలు ఎగ్గొట్టించాం. లోపలికి వెళ్ళడానికి డబ్బులేం తీసుకోరు. దొడ్ల మీదుగా పైన చెక్క వంతెనలు, వాటి మీద నడుస్తుంటే కింద వందల గొడ్లు, గేట్లు తెరుస్తూ మూస్తూ గుర్రాల మీద మనుషులు. ఆ వాసనకి అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది, నాన్న మాత్రం హాయిగా ఊపిరి పీల్చాడు.

వేలం హాల్లో మెట్ల మీద కూర్చున్నాం. గొడ్లు గుంపుగా వస్తాయి, బోర్డు మీద బరువు పడుతుంది, మైకులో ఒకాయన ఊపిరి తీయకుండా పాడినట్టు అరుస్తాడు, నిమిషంలోపే అమ్ముడైపోతాయి. కొన్నదెవరో నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. నాన్న కనిపెట్టేశాడు. "ఆ మూల ఎర్ర టోపీ. కనుబొమ్మ ఎగరేస్తున్నాడు చూడు." ఎవరూ దిగి పళ్ళు చూడరు, తోక పట్టుకుని చూడరు, సుడులు వెతకరు. మన సంతల్లో తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని బేరం ఆడతారే, పక్కవాడికి ధర తెలియకుండా, అలాంటిదేమీ లేదు. వంద పౌన్లకి ఇంత అని తూకం లెక్క. "బియ్యం కొన్నట్టు కొంటున్నారు," అన్నాడు. ధర వినబడినప్పుడల్లా డాలర్లని రూపాయలు చేసి, ఆ డబ్బుకి మన దగ్గర ఎలాంటి జత వస్తుందో అమ్మకి చెబుతున్నాడు.

చెబుతూ చెబుతూ ఒకసారి చెయ్యి పైకెత్తాడు. మైకాయన ఠక్కున ఇటు తిరిగి చూశాడు. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని కిందకి లాగి, సంత అయ్యేదాకా తన ఒళ్ళోనే పెట్టుకుంది. "ఏమండీ, ఊరుకోండి, ముప్ఫై గొడ్లు మన నెత్తిన పడతాయి. డాలస్ అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ కట్టేస్తారు?"

మందలు చేరిన కాన్సాస్ అబిలీన్ ఓక్లహోమా సిటీకి నాలుగు గంటల దూరం. నాన్న తిరుగు టికెట్టు జూన్‌లో, ఆలోపు ఇంకో శుక్రవారం సెలవు దొరికితే అక్కడికీ వెళ్ళాలని ఇంట్లో మాట నడుస్తోంది. మీరెవరైనా ఈ దారిలో వెళితే డంకన్‌కి కనీసం సగం రోజు పెట్టుకోండి, సంతకి పాత చెప్పులేసుకోండి, పులిహోర మాత్రం ఎక్కువ కలుపుకెళ్ళండి.